మూలగదిలో గాత్రదానము

తెరమీద ఒకరు నటింపగా చాటున వేరొకరు పలుకుట మనకు క్రొత్త గాదు. 1950వ సంవత్సరమున వచ్చిన ‘ఆహుతి’ హిందీనుండి తెలుగులోనికి మార్చబడిన తొలి చిత్రము. దానికి మాటలు కూర్చినవారు శ్రీశ్రీగారు. అటుపిమ్మట ఎందరో స్త్రీలు తాము కానరాక, కంఠమాత్రమున మనలను నవ్వించిరి, ఏడ్పించిరి. నంది బహుమతులలో వారికొక బహుమతి ప్రత్యేకముగ ఏర్పడినది. అయినను ఈ పనికై చెన్నపట్టణమునకో హైదరాబాదునకో పోయి, బయటి శబ్దము చొరని గదిలో నిలువవలసి యుండెడిది. 2020లో కరోనావలన ఇల్లు కదలరాని దినములలో, ఇంటినుండియే పలికి పంపు పద్ధతి విరివిగ వ్యాపించెను. అది మా పెదకాకానికి, అందును మా మూలగదికి వచ్చునని నేననుకొనలేదు.

మా ఆడుబిడ్డ కుమార్తె హైదరాబాదులో ఒక హిందీ ధారావాహికలోని నాయికకు తెలుగు గొంతు నిచ్చుచుండెను. ఏడవ నెలలో పుట్టినింటికి వచ్చినది. కాన్పు ముగిసి తిరిగి పోవునప్పటికి ఆ పాత్ర వేరొకరి దైపోవును. దినమును దాని దిగులే. వారియింట పిల్లల సందడి యెక్కువ. “అత్తయ్యా, మీ మూలగది యిత్తువా?” అని అడిగినది.

మాట గోడలకు తగిలి మరలివచ్చినచో, నూతిలోనుండి పలికినట్లుండునట. దానికి మందు మనయింటనే కలదు. ప్రత్తిసీమలో పరుపులకేమి కొదువ? బొంతలను, పరుపులను గోడకు ఆనింపక, జానెడు ఎడముగ త్రాళ్లమీద వ్రేలాడదీసితిమి. ఆ ఎడమువలన అవి శబ్దమును మరింత మ్రింగును. కాని బొంత ప్రతిధ్వనిని మాన్పునే గాని వెలుపలి మ్రోతను ఆపజాలదు. గుంటూరు మిర్చియార్డునకు పోవు లారీలు, రైలు, మల్లేశ్వరస్వామివారి గుడి మైకు, ఇవి యన్నియు సద్దుమణిగిన పిమ్మట, రాత్రి పదిగంటలు దాటి పని మొదలిడితిమి.

తొలినాటి పలుకులన్నియు పనికిరాలేదు. ఏదో తుమ్మెద రొద వినబడుచున్నదని అటువారనిరి. ఇల్లెల్ల వెదకగా అది ప్రక్కగదిలోని ఫ్రిజ్జు! దానిని ఆర్పితిని గాని మరల వేయుట మరచితిని. పాలు విరిగినవి. మరునాడు మా పంతులుగారికి కాఫీ లేదు.

పని తీరు ఇట్టిది. దర్శకుడు హైదరాబాదులో కూర్చుండును. అమ్మాయి చెవులకు హెడ్‌ఫోను తగిలించుకొని బొమ్మను చూచుచుండును. మూడు బీప్‌లు వినవచ్చును. నాలుగవది రావలసిన చోట ఆమె మాట నెత్తుకొనవలెను. ఆ మాట అంతర్జాలముద్వారా దర్శకునికి రవ్వంత ఆలస్యముగ చేరును, ఒక్కొక్కప్పుడు తెగిపోవును. అందుచేత అసలు గొంతును ఇక్కడి కంప్యూటరే సెకనుకు 48,000 పర్యాయములు కొలిచి వ్రాసికొనును. పిమ్మట ఆ ఫైలును పంపుదురు.

అన్నిటికంటె కష్టము పెదవులది. హిందీ నటి పెదవులు మూసినప్పుడు మనకును ప, బ, మ లలో ఒకటి పడవలెను. ఓష్ఠ్యములను విడిచి నిరోష్ఠ్యకావ్యములు వ్రాసిన మన పూర్వకవుల శ్రమ నాకప్పుడు బోధపడినది! ఒకచోట నాయిక “మత్ జావో మా” అని యేడ్చును. వ్రాసి పంపిన తెలుగు “వెళ్లకు అమ్మా”. తుద కుదిరినది, మొదలు కుదరలేదు. పలుమారులు పలికి పిల్ల విసిగినది. నేను తలుపుచాటునుండి “పోవద్దమ్మా అని చూడుము” అంటిని. మొదట పకారము, తుద మకారము. మొదటి పలుకుననే దర్శకుడు మెచ్చుకొనెను. మా నాయనగారు నేర్పిన వర్ణోత్పత్తిస్థానము లింతకాలమునకు అక్కరకు వచ్చినవి.

అది మా గుంటూరు వేసవి. ఫ్యాను తిరుగరాదు, కిటికీ తెరువరాదు. ఒకనాటి రాత్రి “ఇంకొక్కసారి, ఇంకొక్కసారి” యని అతడనుచునే యున్నాడు. పిల్ల కూర్చున్నచోటనే తూలినది. నేను లోనికి పోయి, “బాబూ, ఇక చాలును. నిండుచూలాలు చెమటలో తడిసి యున్నది” అంటిని. అతడొక్క క్షణమూరకుండి, “క్షమింపుడమ్మా, మాకిక్కడ ఏసీ యున్నది, తోచలేదు” అనెను. నాటినుండి పావుగంట కొకమారు తలుపు తెరిచి, చల్లని మజ్జిగ యిచ్చు నియమము నాది.

కాన్పునకు ముందే కొన్ని భాగములు పలికి యుంచినది. జ్యేష్ఠమాసమున ఆడపిల్ల పుట్టినది. పాత్ర ఆమె చేతిలోనే యున్నది. ఇప్పుడు పాప నిదురించు వేళ చూచుకొని పలుకుచున్నది. బొంతలింకను దింపలేదు.