వార్తల్లో పదం: కన్వలసెంట్

జబ్బు తగ్గినా ఒంట్లో సత్తువ ఇంకా పూర్తిగా చేరని రోగి 'కన్వలసెంట్'. జ్వరం దిగింది, నీరసం పోలేదు. గోడ పట్టుకుని నాలుగడుగులు వేస్తాడు, చారన్నం మాత్రం సయిస్తుంది. లాటిన్‌లో 'వలేరే' అంటే బలంగా ఉండడం, 'వలెస్కెరే' అంటే బలపడసాగడం. ముందున్న 'కాన్' ఆ భావానికి ఊనిక. రోగం ఊసే లేని మాట ఇది. అమరకోశంలో రోగం నుంచి బయటపడ్డవాడికి 'ఉల్లాఘుడు' అనే పదం ఉంది గానీ తెలుగు నోళ్లలో నలగలేదు. 'కోలుకుంటున్నాడు' అంటే చాలు.

కోవిడ్ కాలంలో, 2020లో, 'కన్వలసెంట్ ప్లాస్మా' పత్రికలకెక్కింది. కోలుకున్నవారి రక్తంలో యాంటీబాడీలుండే ద్రవభాగాన్ని వేరుచేసి రోగికి ఎక్కించడమే ఆ చికిత్స. ఇక్కడ అర్థం కాస్త జరిగింది: దాత కోలుకుంటున్నవాడు కాదు, పూర్తిగా కోలుకున్నవాడు. 464 మందిపై భారతీయ వైద్య పరిశోధన మండలి (ఐసీఎంఆర్) జరిపిన 'ప్లాసిడ్' పరీక్షలో మరణాలు తగ్గలేదు. 2021 మేలో ప్లాస్మాను చికిత్స మార్గదర్శకాల నుంచి తొలగించారు.

ఆయాసపడే రోగి కోలుకునే దశకు చేరాలంటే అప్పట్లో ప్రధాన ఆధారం ఆక్సిజనే. ఆ ఏడాది ఏప్రిల్ 22న విశాఖ ఉక్కు కర్మాగారంలో ద్రవ ఆక్సిజన్ నింపుకున్న ఏడు ట్యాంకర్లతో తొలి ఆక్సిజన్ ఎక్స్‌ప్రెస్ రైలు మహారాష్ట్రకు బయలుదేరింది.