పట్టా అందే రోజున పలికే తొలి స్వాగతం

విశ్వవిద్యాలయాలు పట్టాలు ప్రదానం చేసే స్నాతకోత్సవంలో ముఖ్య అతిథి పట్టభద్రులను ఉద్దేశించి చేసేది స్నాతకోపన్యాసం కాగా, దానికి ముందు, కులపతి హోదాలో ఉన్న గవర్నరు ఉత్సవం ప్రారంభమైనట్లు ప్రకటించాక, పాలనా బాధ్యత వహించే ఉపకులపతి సభికులను ఆహ్వానిస్తూ సంస్థ ప్రగతిని నివేదించేది స్వాగతోపన్యాసం. మరునాటి పత్రికల్లో చోటు దొరికేది స్నాతకోపన్యాసానికే.

జూబ్లీహిల్స్‌లోని డాక్టర్ బి.ఆర్. అంబేద్కర్ సార్వత్రిక విశ్వవిద్యాలయంలో మాత్రం స్వాగతోపన్యాసానికే ఎక్కువ అర్థముంది. భవనం వెంకట్రామ్ ముఖ్యమంత్రిగా ఉన్న 1982లో, ఆచార్య జి. రాంరెడ్డి తొలి ఉపకులపతిగా, దేశంలోనే మొదటి సార్వత్రిక విశ్వవిద్యాలయంగా ఏర్పడిన ఈ సంస్థకు 1991లో అంబేద్కర్ పేరు పెట్టారు. సార్వత్రిక విద్య అంటే వయసు, ఉద్యోగం, ఊరు అడ్డు కాకుండా ఇంటి వద్దనే అచ్చు పాఠాలు చదువుకొని, సమీప కళాశాలలో నడిచే అధ్యయన కేంద్రంలో సందేహాలు తీర్చుకొని, అక్కడే పరీక్షలు రాసే పద్ధతి. బడి చదువు పూర్తికాని వారు సైతం అర్హత పరీక్ష నెగ్గి డిగ్రీలో చేరే వీలును ఈ సంస్థ కల్పించింది. ఇతర విశ్వవిద్యాలయాల్లో ఏళ్ల తరబడి తిరిగిన ఆవరణలోనే విద్యార్థి వీడ్కోలు తీసుకుంటాడు గనుక అక్కడి స్వాగతం ప్రధానంగా అతిథులకే చెందుతుంది. ఇక్కడ చదువంతా దూరాన సాగించిన గృహిణి, చిరుద్యోగి, జైలు నుంచి అనుమతిపై వచ్చిన ఖైదీ పట్టా కోసమే తొలిసారి ప్రాంగణంలో అడుగుపెట్టడం అరుదు కాదు గనుక, ఆ మాట నిజంగా చేరవలసింది వారికే.

అయినా మర్యాదక్రమం ప్రకారం సంబోధన కులపతితో మొదలై, ముఖ్య అతిథి, పాలకమండలి సభ్యులు, ఆచార్యుల మీదుగా సాగి, పట్టభద్రుల వద్దకు చివరికి గాని రాదు. పక్కనే ఉన్న ఫిల్మ్‌నగర్ సినిమా వేడుకల్లోనూ వేదికపైనున్న వారి పేర్లన్నీ పూర్తయ్యేసరికి ప్రేక్షకుల చప్పట్లు నీరసిస్తాయి గాని, అక్కడ అభిమానుల పేరెత్తడం ఏ వక్తా మరువడు. ఉపకులపతి ప్రసంగంలో ప్రగతి నివేదికకు దక్కే నిడివిలో కొంతైనా ఆ అధ్యయన కేంద్రాల ఊళ్లకు, అక్కడి నుంచి బస్సుల్లో వచ్చిన కుటుంబాలకు కేటాయిస్తే మర్యాదక్రమానికి వచ్చే లోటేమీ లేదు.