టార్చిలైట్‌లో సెల్లు, చేతిలో సెల్లు.. అసలు ‘సెల్’ అంటే ఏంటి?

చండ్రుగొండ లాంటి ఊళ్లో కిరాణా షాపుకెళ్లి "రెండు సెల్లులు ఇవ్వన్నా" అంటే టార్చిలైట్ బ్యాటరీలు ఇస్తారు. అదే "నా సెల్లు పోయింది" అంటే పోయింది ఫోన్ అని చిన్నపిల్లాడికి కూడా తెలుసు. ఒకే మాట రెండు వస్తువులకు ఎలా వచ్చింది?

దీని మూలం లాటిన్‌లోని ‘సెల్లా’. అంటే చిన్న గది. క్రైస్తవ సన్యాసులు ఉండే గదినీ, జైలు గదినీ ఇలాగే పిలిచారు. అండమాన్‌లోని సెల్యులర్ జైలు తెలుసు కదా, ఒంటరి గదులు ఉన్నందుకే దానికా పేరు! 1665లో రాబర్ట్ హుక్ బెరడు ముక్కను మైక్రోస్కోప్‌లో చూస్తే చిన్న చిన్న గదుల్లా కనిపించాయి. వాటినీ ‘సెల్’ అన్నాడు. అవే మన బయాలజీ పుస్తకంలోని కణాలు. కరెంటు పుట్టించే రసాయనాలున్న అర కూడా సెల్లే, అలాంటివి కొన్ని కలిపితే బ్యాటరీ. ఆ లెక్కన టార్చిలో వేసే ఒక్క ముక్కను సెల్లు అనడమే కరెక్ట్, బ్యాటరీ అనడమే తప్పు.

మరి ఫోన్‌లో గది ఎక్కడుంది? నిజానికి ఫోన్‌లో లేదు, మనమే గదిలో ఉన్నాం. 1947లో బెల్ ల్యాబ్స్ ఇంజినీర్లు ఏరియాను తేనెపట్టులా ఆరు మూలల గదులుగా విడగొట్టి, గదికో ట్రాన్స్‌మిటర్ పెట్టాలన్నారు. పక్క గదిలో వాడిన ఫ్రీక్వెన్సీని కాస్త దూరంగా ఉన్న గదిలో మళ్లీ వాడొచ్చు. అందుకే తక్కువ స్పెక్ట్రమ్‌తో ఇన్ని కోట్ల మంది మాట్లాడగలుగుతున్నాం.

హైదరాబాద్‌లో ఈ గదులు చాలా చిన్నవి. జనం పలచగా ఉండే అడవి అంచుల్లో ఒక్కో గది కిలోమీటర్ల కొద్దీ ఉంటుంది. చండ్రుగొండ నుంచి కనకగిరి గుట్టల వైపు వెళ్లారనుకోండి, మధ్యలో చెట్లు, గుట్టలు అడ్డం. టవర్‌కి అందడానికి ఫోన్ ఎక్కువ పవర్‌తో అరవాల్సి వస్తుంది. అడవిలో ఛార్జింగ్ తొందరగా దిగిపోయేది ఇందుకే. అసలు సిగ్నలే లేకపోతే ఏరోప్లేన్ మోడ్ పెట్టేయండి, వెతుకులాట ఆగుతుంది.

ఇలాంటి ఏరియాలో ఉండేవాళ్లు కొత్త ఫోన్ కొనేముందు కెమెరా మెగాపిక్సెల్స్ కన్నా ముందు బ్యాండ్ల లిస్ట్ చూడాలి. తక్కువ ఫ్రీక్వెన్సీ ఎక్కువ దూరం పోతుంది, చెట్లనూ గోడలనూ బాగా దాటుతుంది. 700 మెగాహెర్ట్జ్ అంటే 4జీలో బ్యాండ్ 28, 5జీలో ఎన్28. జియో 5జీ, బీఎస్ఎన్ఎల్ 4జీ రెండూ ఈ 700ను వాడుతున్నాయి.