తెలుగు పరిశోధనలో ఆధారసూచన: బోధించవలసిన తీరు

వ్యాససంగ్రహం:
ఆధారాలు చూపే పద్ధతిని విరామచిహ్నాల నియమావళిగా బోధించడం వల్ల తెలుగు పరిశోధన విద్యార్థికి కలుగుతున్న మేలు స్వల్పం. వ్యాసకర్త చూసిన పాఠాన్ని పాఠకుడు అదే చోట తిరిగి చూడగలగడమే ఆధారసూచనకు గీటురాయి. తెలుగు గ్రంథాల స్వభావాన్ని బట్టి ఈ దృష్టిని తరగతిలో ఎలా అలవరచవచ్చునో ఈ వ్యాసం వివరిస్తుంది.

కీలకపదాలు: ఆధారసూచన, పాదసూచిక, ఉపయుక్త గ్రంథసూచి, పాఠభేదం, గ్రంథచౌర్యం, పరిశోధన పద్ధతులు.

1. ఉపోద్ఘాతం

సిద్ధాంత గ్రంథంలో విద్యార్థి అన్నింటికన్నా తొందరగా రాసే భాగం ఉపయుక్త గ్రంథసూచి. సమర్పణకు వారం రోజుల ముందు, ఎప్పుడో చదివి తిరిగి ఇచ్చేసిన పుస్తకాల ముద్రణ సంవత్సరాల కోసం మిత్రులకు ఫోన్లు చేయడం తెలుగు శాఖలలో తరచుగా కనిపించే దృశ్యమే. దీనికి విద్యార్థి సోమరితనాన్ని మాత్రమే కారణంగా చెప్పడం న్యాయం కాదు. ఆధారం చూపడాన్ని రచన ముగిశాక చేసే అలంకరణగా అతనికి పరిచయం చేసింది బోధనే.

పీహెచ్‌డీ కోర్సువర్కులో పరిశోధన, ప్రచురణ నైతికత అనే రెండు క్రెడిట్ల పాఠ్యాంశాన్ని యూజీసీ తప్పనిసరి చేసింది. ఆ పాఠ్యాంశంలో గాని, పరిశోధన పద్ధతుల తరగతిలో గాని ఏపీఏ, ఎంఎల్‌ఏ, షికాగో శైలుల నమూనాలు చూపడం పరిపాటి. ఎక్కడ కామా, ఎక్కడ చుక్క, ఏది వాలు అక్షరం అన్నంతవరకు బోధన సాగుతుంది. ఆ శైలులు ప్రధానంగా ఇంటిపేరు చివర ఉండే రచయితను, స్పష్టమైన ముద్రణ సంవత్సరం గల పుస్తకాన్ని దృష్టిలో పెట్టుకొని ఏర్పడ్డాయి. తెలుగు విద్యార్థి చేతికి వచ్చేది కొన్నిసార్లు ముఖపత్రం చిరిగిన పుస్తకం, కొన్నిసార్లు ముగ్గురు కవులు రాసిన ఒకే కావ్యం, కొన్నిసార్లు పేరే తప్ప అంకె లేని సంవత్సరం. నమూనా అక్కడ ఆగిపోతుంది. నమూనా వెనుక ఉన్న ఉద్దేశం తెలిసిన విద్యార్థి మాత్రమే ముందుకు పోగలడు.

2. పరాయి అలవాటు కాదు

ఆధారం చూపడం ఆంగ్ల విద్యతో వచ్చిన నియమమని విద్యార్థులలో ఒక అభిప్రాయం ఉంది. మూలం లేనిదేదీ రాయనని కోలాచల మల్లినాథసూరి తన వ్యాఖ్యానారంభంలోనే ప్రతిజ్ఞ చేశాడు. అప్పకవి లక్షణం చెప్పిన వెంటనే లక్ష్యంగా పూర్వకవుల పద్యాలను చూపాడు. వీటికన్నా తరగతిలో బలంగా పనిచేసే ఉదాహరణ పెదపాటి జగ్గన కూర్చిన ప్రబంధరత్నాకరం. ఆయన పలు కావ్యాల నుంచి పద్యాలను ఏరి వర్ణనల వారీగా అమర్చి, అవి ఏ కవివో, ఏ కావ్యంలోనివో సూచించాడు. ఆ కావ్యాలలో కొన్ని తరువాత నశించాయి. ఇటువంటి సంకలనాల ఆధారంగానే వేటూరి ప్రభాకరశాస్త్రి 1918లో ప్రబంధరత్నావళిని వెలువరించి, అలభ్య కావ్యాల పద్యాలను లోకానికి అందించారు. పద్యం పక్కన కవి పేరు, కావ్యం పేరు లేకపోతే కొందరు కవులు ఉన్నారన్న సంగతి కూడా సాహిత్య చరిత్రకు అంది ఉండేది కాదు. పాదసూచిక ఎందుకని అడిగే విద్యార్థికి నైతికతను గురించిన ఉపన్యాసం కన్నా ఈ ఒక్క పుస్తకాన్ని చేతికివ్వడం మేలు.

3. పద్యానికి పుటసంఖ్య చాలదు

ప్రాచీన కావ్యాన్ని ఉదాహరించినప్పుడు పుటసంఖ్య ఇచ్చి ఊరుకోవడం విస్తారంగా కనిపించే లోపం. ముద్రణ మారితే పుట మారుతుంది. పర్వం, ఆశ్వాసం, పద్యసంఖ్య ఇస్తే ఏ ముద్రణ చేతిలో ఉన్నవారైనా ఆ పద్యాన్ని, కాస్త అటూఇటూగానైనా, చేరుకోగలరు. ఇది సౌకర్యానికి సంబంధించిన విషయం మాత్రమే కాదు. ఒక్కొక్కసారి ఆ అంకెలే రచయిత ఎవరో నిర్ణయిస్తాయి.

ఆంధ్ర మహాభారతంలో నన్నయ రచన అరణ్యపర్వం నాలుగో ఆశ్వాసం 142వ పద్యంతో ఆగిందని సాహిత్య చరిత్ర చెబుతున్నది. ఆ పర్వంలోని మిగిలిన భాగాన్ని ఎఱ్ఱన పూరించాడు. పూరించడంలోనూ అది నన్నయ రచనలోనే భాగమన్నట్లు రాజరాజనరేంద్రునికే అంకితంగా నడిపాడు. కాబట్టి కృతిపతి పేరు చూసి కవిని నిర్ణయించే విద్యార్థి పొరబడతాడు. అరణ్యపర్వం ఐదో ఆశ్వాసం నుంచి ఒక పద్యం తీసుకొని ‘నన్నయ అక్షరరమ్యత’కు ఉదాహరణగా చూపితే, పాదసూచికలో ‘నన్నయ, ఆంధ్ర మహాభారతం, పుట 312’ అని ఉన్నంతవరకు ఆ తప్పు ఎవరి కంటా పడదు. ‘అరణ్య. 5’ అని రాసిన మరుక్షణం అది బయటపడుతుంది. సరైన సూచన రాయడానికి కూర్చున్నప్పుడే విద్యార్థి తన తప్పును తానే పట్టుకుంటాడు.

భాగవతం విషయమూ ఇంతే. పంచమస్కంధం గంగనది, షష్ఠస్కంధం ఏర్చూరి సింగనది, ఏకాదశ ద్వాదశ స్కంధాలు వెలిగందల నారయవి. గ్రంథం మీద పోతన పేరు ఉన్నంత మాత్రాన ప్రతి పద్యాన్నీ పోతన ఖాతాలో వేయడానికి వీలులేదు. స్కంధాంత గద్యను చదివే అలవాటు చేయిస్తే ఈ చిక్కు సులభంగా తీరుతుంది.

శతకాల దగ్గర పరిస్థితి తిరగబడుతుంది. అక్కడ పద్యసంఖ్య ఇచ్చినా చాలదు. సి.పి. బ్రౌన్ 1829లో ప్రచురించిన వేమన పద్యాల సంపుటిలో 693 పద్యాలుండగా, 1839 నాటి ముద్రణలో అవి 1164 అయ్యాయి. తరువాతి సంకలనకర్తలు మరికొన్నింటిని చేర్చారు, క్రమాన్ని మార్చారు. ‘వేమన, 245’ అన్న సూచన ఏ పద్యాన్నీ నిశ్చయంగా చూపదు. పరిష్కర్త పేరు, ముద్రణ వివరాలు అక్కడ అనివార్యం.

మిగిలిన వాటికి సూత్రం ఒక్కటే. ఆ గ్రంథానికి సహజమైన విభాగం ఏదో దానినే చూపాలి. బాలవ్యాకరణానికి పరిచ్ఛేదం, సూత్రసంఖ్య. శబ్దరత్నాకరానికి ఆరోపంగా ఉన్న పదం. ‘సౌత్ ఇండియన్ ఇన్‌స్క్రిప్షన్స్’ పదో సంపుటంలోని తెలుగు శాసనానికి సంపుటసంఖ్య, శాసనసంఖ్య. జానపద గేయానికైతే పాడినవారి వివరాలు వారి అనుమతితో, సేకరించిన ఊరు, తేదీ.

4. ఏ ముద్రణ, ఏ సంవత్సరం

ఆధునిక సాహిత్యంలో ఇటువంటి చిక్కులుండవని అనుకోవడం పొరపాటు. కన్యాశుల్కం 1897లో ఒకసారి, 1909లో మరొకసారి అచ్చయింది. రెండో ముద్రణకు గురజాడ నాటకాన్ని దాదాపు తిరిగి రాశారు. ఈనాడు అందరూ చదివేది రెండో పాఠాన్ని. పందొమ్మిదో శతాబ్ది చివరినాటి సమాజ భాషను గురించి సిద్ధాంతం చేసే విద్యార్థి, 1909 పాఠంలోని సంభాషణను ఉదాహరించి 1897 అని రాస్తే అతని వాదానికి పునాదే ఉండదు. ఈ రెండు పాఠాలను పక్కపక్కన పెట్టి ఒక రంగాన్ని చదివించడం, ముద్రణ వివరం ఎందుకు రాయాలన్న ప్రశ్నకు చాలినంత సమాధానం.

రచయిత పేరు పక్కన కుండలీకరణంలో సంవత్సరం ఇచ్చే శైలులలో మరొక వింత జరుగుతుంది. మహాప్రస్థానం గ్రంథరూపంలో వెలువడింది 1950లో. అందులోని ముఖ్యమైన గీతాలు అంతకుముందు దశాబ్దాలవి. విద్యార్థి చేతిలోని ప్రతి 2010లో పునర్ముద్రణ పొందినదైతే, వ్యాసంలో ‘(శ్రీశ్రీ, 2010)’ అని కనిపిస్తుంది. తెలుగు పాఠకుడు నవ్వుకొని సరిచేసుకుంటాడు. అంతగా ప్రసిద్ధుడు కాని కవి విషయంలో ఆ సరిదిద్దుబాటు ఎవరు చేస్తారు? తొలి ముద్రణ సంవత్సరాన్ని, ఉపయోగించిన ముద్రణ సంవత్సరాన్ని రెండింటినీ ఇవ్వడం ఒక్కటే మార్గం.

పాత గ్రంథాలలో, పత్రికలలో సంవత్సరం పేరు మాత్రమే కనిపించే సందర్భాలున్నాయి. 1924 జనవరిలో భారతి మాసపత్రిక ప్రారంభమైనప్పుడు నడుస్తున్నది రుధిరోద్గారి. అదే పేరు 1983 ఉగాదికి మళ్లీ వచ్చింది. పైగా ఒక తెలుగు సంవత్సరం రెండు ఆంగ్ల సంవత్సరాలలో పరుచుకుంటుంది. పుష్యమాసపు సంచికను జనవరికి చేర్చాలా, డిసెంబరుకా అన్నది పంచాంగం చూసి తేల్చవలసిన విషయం. గ్రంథం మీద ఉన్న పేరును ఉన్నట్లుగానే రాసి, లెక్కించి నిర్ణయించిన ఆంగ్ల సంవత్సరాన్ని చదరపు కుండలీకరణంలో ఇవ్వడం మంచిది. అచ్చులో ఉన్నదేదో, పరిశోధకుడు ఊహించినదేదో పాఠకునికి విడివిడిగా తెలుస్తాయి.

5. పేర్లు

ఆంగ్ల శైలిని యాంత్రికంగా అనుసరించిన గ్రంథసూచిలో కవిత్వతత్త్వ విచారము రచయిత మూడు చోట్ల కనిపించవచ్చు: కట్టమంచి దగ్గర ‘క’లో, ‘రామలింగారెడ్డి, కట్టమంచి’ అంటూ ‘ర’లో, ‘రెడ్డి, సి.ఆర్.’ అంటూ మరొకసారి. తెలుగులో ఇంటిపేరు సహజంగానే ముందుంటుంది గనుక తిరగవేయవలసిన అవసరం లేదు, కామా అవసరమూ లేదు. కలంపేరుతో ప్రసిద్ధులైన ఆరుద్ర వంటివారిని ముఖపత్రం మీద ఉన్న పేరుతోనే చేర్చాలి. ఏ పద్ధతి ఎంచుకున్నా గ్రంథమంతటా ఒకటే ఉండాలన్నది మాత్రం అందరికీ తెలిసినదే.

6. చూడని గ్రంథం, తెరమీద చూసిన గ్రంథం

ఒక విమర్శకుడు ఉదాహరించిన వాక్యాన్ని అతని పుస్తకం నుంచి తీసుకొని, మూలగ్రంథాన్నే చూసినట్లు సూచిక రాయడం తెలుగు పరిశోధనలో పాతుకుపోయిన అలవాటు. దీనిని అబద్ధమని ఎవరూ అనుకోరు. అసలు ప్రమాదం అందులోనే ఉంది. మొదటివాడు పుటసంఖ్య తప్పుగా వేస్తే, ఆ తప్పు సిద్ధాంత గ్రంథం నుంచి సిద్ధాంత గ్రంథానికి చెక్కుచెదరకుండా ప్రయాణిస్తుంది. మూలం దొరకనప్పుడు ‘ఫలానా గ్రంథంలో ఉదాహృతం’ అని చెప్పడంలో చిన్నతనమేమీ లేదు.

అంతర్జాలంలో స్కాన్ చేసిన పాత పుస్తకాలు విరివిగా దొరకడం వల్ల మరొక గందరగోళం ఏర్పడింది. పీడీఎఫ్‌లో చూపే పుటసంఖ్య, పుస్తకం మీద అచ్చయిన పుటసంఖ్య ఒకటి కావు. పీఠికకు వేరే అంకెలుంటే తేడా మరింత పెరుగుతుంది. రాయవలసింది అచ్చులోని అంకెనే. ‘పైదే’ అన్న సూచనను కంప్యూటరు కాలంలో చివరి ప్రతి వరకు వాడకుండా ఉండడం మంచిది. ఒక పేరాను కిందికి జరిపితే ‘పైదే’ మరొక గ్రంథాన్ని చూపుతుంది.

7. శాతం చెప్పని సంగతి

యూజీసీ 2018 నిబంధనల ప్రకారం పోలిక పది శాతం లోపుంటే శిక్ష లేదు. పది దాటి నలభై వరకు ఉంటే ఆరు నెలలకు మించని గడువులో సవరించిన ప్రతిని సమర్పించాలి. నలభై దాటి అరవై వరకు ఉంటే ఏడాదిపాటు సవరించిన ప్రతిని సమర్పించే వీలుండదు. అరవై దాటితే నమోదే రద్దవుతుంది. ఈ అంకెలు విద్యార్థులకు కంఠస్థం. తమ సిద్ధాంత గ్రంథానికి తక్కువ శాతం వచ్చిందంటే అంతా సవ్యంగా ఉన్నట్లేనని వారి భావన.

తెలుగు విషయంలో ఈ ధీమాకు ఆధారం బలహీనం. సాఫ్ట్‌వేర్ పోల్చగలిగేది తనకు అందిన యూనికోడ్ పాఠంతోనే. అను వంటి పాత ఫాంట్లలో టైపు చేసిన పాఠం దానికి అర్థంలేని అక్షరాల వరుస. స్కాన్ చేసిన పుస్తకం చాలాసార్లు దానికి బొమ్మ మాత్రమే. నలభై ఏళ్ల కిందటి ఒక విమర్శగ్రంథం నుంచి ఒక అధ్యాయాన్ని యథాతథంగా దించినా, నివేదికలో శాతం తక్కువగానే రావచ్చు. దానిని గుర్తించగలిగినవాడు ఆ గ్రంథం చదివిన పర్యవేక్షకుడు, లేదా పరీక్షకుడు. మరోవైపు, నిజాయితీగా ఆధారం చూపి పద్యాలను విరివిగా ఉదాహరించిన విద్యార్థికి, నివేదికలో ఉల్లేఖనలను మినహాయించకపోతే, శాతం పెరగవచ్చు. అతడు భయపడి ఉదాహరణలు తగ్గించుకుంటే నష్టపోయేది పరిశోధనే.

8. తరగతిలో

నియమాలకు ముందు వెతుకులాటను నేర్పడం మంచిది. రచయిత పేరు తొలగించిన ఒక సిద్ధాంత గ్రంథం నుంచి ఐదు పాదసూచికలు గల ఒక పుటను విద్యార్థులకిచ్చి, వారం రోజుల గడువుతో గ్రంథాలయానికి పంపాలి. ఒక్కొక్క సూచిక వెంట వెళ్లి, మూలం దొరికిందా, చెప్పిన చోటే ఉందా, పాఠం అక్షరాలా సరిపోయిందా, దాని సందర్భం వ్యాసంలో చెప్పినదేనా అని నమోదు చేయమనాలి. దొరకని ఆధారం కోసం రెండు మధ్యాహ్నాలు బీరువాల ముందు గడిపిన విద్యార్థికి ముద్రణ వివరం విలువ వేరుగా చెప్పనక్కరలేదు. తరువాత ఒకరి రాతను మరొకరికిచ్చి ఇదే పరీక్ష చేయించాలి. మార్కులు తగ్గించవలసింది కామా తప్పినందుకు కాదు, దారి తప్పించినందుకు.

సొంతమాటల్లో రాయడానికీ చిన్న అభ్యాసం సరిపోతుంది. మూలాన్ని చదివించి, పుస్తకం మూయించి, విషయాన్ని రాయించి, ఆ తరువాత రెండింటినీ పోల్చి చూపించాలి. క్రియాపదాలు మాత్రం మార్చిన వాక్యాన్ని విద్యార్థి తానే గుర్తిస్తాడు. మాటలు మారినా భావం మరొకరిదైతే సూచిక తప్పదన్న విషయాన్ని అప్పుడు చెబితే నాటుకుంటుంది.

పుస్తకం తెరవగానే ముఖపత్రాన్ని, దాని వెనుక పుటను ఫోనులో ఫొటో తీసుకోవడం, కాగితం మీద ఎత్తిరాసుకున్న ప్రతి భాగం పక్కనా అప్పటికప్పుడే పుట వేసుకోవడం మొదటి నెలలోనే అలవాటు కావాలి. పర్యవేక్షకుడు చేయవలసిన పని కూడా ఒకటుంది. అధ్యాయం చేతికి వచ్చినప్పుడు ఏవైనా మూడు పాదసూచికలను తానే తీసి చూడడం, తేడా కనిపిస్తే దానిని కొట్టివేయించక విద్యార్థి చేతనే పాదసూచికలో ‘ఈ పాఠం ఫలానా ముద్రణలో ఇలా ఉంది’ అని రాయించడం.