వీధి కరెంటు పోయిన రోజు

2014 అక్టోబరు 12. ఆదివారం. హుద్‌హుద్ తుపాను విశాఖపట్నం దగ్గర తీరం దాటింది. గంటకు 170 కిలోమీటర్లకు పైగా వేగంతో గాలి వీచింది. చెట్లు కూలాయి. కరెంటు స్తంభాలు వేల సంఖ్యలో పడిపోయాయి. నగరం చీకటైపోయింది.

చీకటి ఒక్కటే కాదు. కరెంటు లేకపోతే మోటారు తిరగదు. మోటారు తిరగకపోతే మేడ మీది ట్యాంకులోకి నీళ్లు ఎక్కవు. సెల్‌ఫోన్లు మూగబోయాయి. క్షేమంగా ఉన్నామని అయినవాళ్లకు చెప్పుకునే దారి లేదు. చాలా పేటల్లో రోజుల తరబడి ఇదే పరిస్థితి. పల్లెలో అయితే ఎక్కడో ఒక చేదబావి దొరుకుతుంది. నాలుగో అంతస్తులో కాపురం ఉండేవాళ్లకు ఏముంటుంది?

ఆ తరువాత విశాఖలో చాలా చోట్ల తీగలను భూమిలోకి దించారు. మంచి పనే. గాలికి తీగ తెగదు. కాని కరెంటు ఎక్కడో దూరాన పుట్టి ఊళ్లోకి వస్తుంది. దారిలో పెద్ద టవరు కూలితే, ఊళ్లో తీగలు బాగున్నా దీపం వెలగదు.

అందుకని ఇంటి మీదే కరెంటు తయారు చేసుకునేవాళ్లు పెరుగుతున్నారు. సోలార్ ప్లేటు మీద ఎండ పడితే కరెంటు పుడుతుంది. 1 కిలోవాటు ప్లేట్లకు సుమారు 100 చదరపు అడుగుల చోటు కావాలి. మంచి ఎండ ఉంటే రోజుకు సుమారు 4 యూనిట్లు వస్తాయి.

అయితే ఇక్కడ ఒక మెలిక ఉంది. ప్లేట్లు పెట్టించుకున్నాక గాని చాలామందికి ఇది తెలియదు. వీధిలో కరెంటు పోతే ఆ ఇంట్లోనూ పోతుంది! నడినెత్తిన ఎండ ఉన్నా సరే, పోతుంది.

"ఇదేం చోద్యం?" అంటారు. దానికి కారణం ఉంది. మామూలు సోలార్ వీధి తీగకు కలిపి ఉంటుంది. ఇంట్లో వాడగా మిగిలిన కరెంటు ఆ తీగలోకి వెళుతుంది. తుపాను తరువాత లైన్‌మన్ స్తంభం ఎక్కి తెగిన తీగ కలుపుతూ ఉంటాడు. లైను ఆపే ఎక్కుతాడు. సరిగ్గా అప్పుడు ఏ మేడ మీది కరెంటో ఆ తీగలోకి వస్తే? అతని ప్రాణం పోతుంది. అందుకే వీధి కరెంటు పోగానే సోలార్ ఇన్వర్టరు తనంతట తానే ఆగిపోతుంది. ఇది లోపం కాదు. కావాలని చేసిన ఏర్పాటు.

మరి ఆ రోజు కూడా దీపం వెలగాలంటే బ్యాటరీ ఉండాలి. వీధి తీగ నుంచి ఇంటిని విడదీసి నడిపే ఇన్వర్టరు ఉండాలి. దీన్ని దుకాణాల్లో హైబ్రిడ్ ఇన్వర్టరు అంటారు. పగలు ప్లేట్లు బ్యాటరీని నింపుతాయి. రాత్రి బ్యాటరీ ఇంటిని నడుపుతుంది. తెల్లారితే మళ్లీ ఎండ. మబ్బు రోజున తక్కువ నిండుతుంది, అంతే. ప్లేట్లు లేని ఉత్త ఇన్వర్టరు అలా కాదు. దాని బ్యాటరీ వీధి కరెంటుతోనే నిండాలి. ఒక రాత్రి గడిచాక అది ఇంట్లో బరువే.

ఎంత బ్యాటరీ కావాలి? లెక్క కష్టం కాదు. 12 వోల్టుల 150 ఏ.హెచ్. బ్యాటరీని తీసుకోండి. 12ను 150తో గుణిస్తే 1800. దీన్ని పూర్తిగా ఖాళీ చేస్తే తొందరగా పాడవుతుంది. సగం వాడుకోవాలి. అంటే 900. రెండు మామూలు ఫ్యాన్లకు 150 వాట్లు. నాలుగు ఎల్.ఇ.డి. బల్బులకు 36 వాట్లు. మొత్తం 186. సుమారు 5 గంటలు వస్తుంది. తక్కువ కరెంటుతో తిరిగే కొత్తరకం ఫ్యాన్లు రెండూ కలిపి 60 వాట్లే. అవి ఉంటే 9 గంటలు! బ్యాటరీ కొనే ముందు ఫ్యాను మార్చడమే లాభం.

నీళ్ల మోటారు మాత్రం ఒక్క బ్యాటరీతో తిరగదు. దానికి పెద్ద ఏర్పాటు కావాలి. అపార్టుమెంటులో అందరూ కలిసి పెట్టుకుంటే ఖర్చు పంచుకోవచ్చు.

2024లో మొదలైన పి.ఎం. సూర్యఘర్ పథకంలో 1 కిలోవాటుకు 30,000, 2 కిలోవాట్లకు 60,000, 3 కిలోవాట్లు ఆ పైన అయితే 78,000 రూపాయల సబ్సిడీ పెట్టారు. ఇది ప్లేట్ల కిలోవాట్లను బట్టి ఇచ్చేది. బ్యాటరీ ఖర్చు వేరే. కాబట్టి ముందే దుకాణదారుని అడగాలి. "వీధిలో కరెంటు పోతే మా ఇంట్లో ఉంటుందా?" అని అడగాలి. అతని జవాబు బిల్లు మీద రాయించుకోవాలి. రాసినది చదివి చూసుకోవాలి. ప్లేట్ల చట్రం శ్లాబుకు గట్టిగా బిగించారో లేదో కూడా చూడాలి. తుపాను గాలికి ప్లేటు లేచిందంటే కింద ఉన్నవాళ్లకు ప్రమాదం.

నీళ్లు పోసే బ్యాటరీని గాలి ఆడే చోట పెట్టాలి. నిండేటప్పుడు దాని నుంచి మండే వాయువు వస్తుంది. దగ్గర దీపం, బీడీ, అగ్గిపుల్ల ఉండకూడదు. డిస్టిల్డ్ వాటరే పోయాలి, కుళాయి నీళ్లు కాదు. లోపల ఆసిడ్, సీసం ఉంటాయి. పాడైన బ్యాటరీని ఇంట్లో పగలగొట్టకూడదు. సీసం పిల్లల మెదడుకు విషం. కొన్న దుకాణానికే తిరిగి ఇస్తే కొత్తదాని ధరలో కొంత తగ్గిస్తారు.