సన్నదు విలువ

ఉండి ప్రాంతమునుండి భీమవరము కోర్టునకు పోవు రైతు దావా కాగితములను సంచిలో పెట్టుకొని పోవును. ప్లీడరుగారి ముందు ఆ సంచి విప్పి, వకాల్తానామాపై వ్రాలు చేయును. చేయి తిరుగనివాడు వేలిముద్ర వేయును. ఆ క్షణమునుండి కోర్టులో తన నోరు ప్లీడరుగారి నోరే. అక్కడ ఏమి జరిగినను, సొమ్ము ఎవరి చేతికి వచ్చినను, ఆయన చెప్పిననే ఇతనికి తెలియును. ఇంతటి నమ్మకమునకు భంగము కలిగినచో చట్టము ఏమి చేయునో మన విద్యార్థులు తెలిసికొనదగియున్నది.

1961వ సంవత్సరపు న్యాయవాదుల చట్టము 35వ సెక్షను ప్రకారము, దుష్ప్రవర్తనకు పాల్పడిన న్యాయవాదిని విచారించు అధికారము రాష్ట్ర బార్ కౌన్సిలునకు కలదు. ఫిర్యాదు విచారింపదగినదని తోచినచో కౌన్సిలు దానిని ముగ్గురు సభ్యుల క్రమశిక్షణ సంఘమునకు అప్పగించును. సంఘము ఉభయుల వాదములు విని ఫిర్యాదును కొట్టివేయవచ్చును, న్యాయవాదిని మందలింపవచ్చును, కొంతకాలము వృత్తినుండి నిలిపివేయవచ్చును, లేక ఆయన పేరును న్యాయవాదుల పట్టికనుండి తొలగింపవచ్చును. ఈ చివరిదానినే లోకమున సన్నదు రద్దగుట అందురు. దీనిపై అరువది దినములలో భారత బార్ కౌన్సిలునకును, అటుపై సుప్రీంకోర్టునకును అప్పీలు చేసికొనవచ్చును.

ఆంధ్రప్రదేశ్ బార్ కౌన్సిలు విచారించిన ఒక కేసు ఇందుకు మంచి నిదర్శనము. డిక్రీ అమలు దరఖాస్తులో ఒక న్యాయవాది తన కక్షిదారు పక్షమున వేర్వేరు తేదీలలో 14,600 రూపాయలు పుచ్చుకొనెను. కాని ఆ సొమ్మును కక్షిదారునకు చేర్పడయ్యెను. రాష్ట్ర కౌన్సిలు ఆయన పేరును పట్టికనుండి తొలగించెను. అప్పీలులో భారత బార్ కౌన్సిలు క్రమశిక్షణ సంఘము, సొమ్మును హరింపవలెనను ఉద్దేశము ఆయనకు లేదని తలచి, ఆ ఉత్తరువును రద్దుచేసెను. రాష్ట్ర కౌన్సిలు ఊరకుండక సుప్రీంకోర్టునకు పోయెను. 2002లో సుప్రీంకోర్టు ఇది తీవ్రమైన వృత్తి దుష్ప్రవర్తనయే యని నిర్ణయించి, పేరు తొలగించిన ఉత్తరువునే నిలబెట్టెను.

ఇంత స్వల్పపు మొత్తమునకు ఒకని జీవనాధారము పోవలెనా అని జాలిపడువారుందురు. ఆ జాలి తప్పు కాదు. కాని కక్షిదారు వైపునుండి కూడ చూడవలెను. అతడు దావా గెలిచెను, డిక్రీ పొందెను, ఎదిరిపక్షమునుండి సొమ్ము వసూలయ్యెను. అయినను అది అతని చేతికి రాలేదు. ప్రతివాది చేయలేని నష్టమును తనవాడే చేసినప్పుడు అతడు ఎవరితో చెప్పుకొనును? కక్షిదారు సొమ్మునకు లెక్కలుంచవలెననియు, సొమ్ము అందిన వెంటనే అతనికి తెలుపవలెననియు బార్ కౌన్సిలు నియమములు శాసించుచున్నవి. అవసరమునకు వాడుకొంటిని, తరువాత ఇత్తును అను సమాధానము ఇచ్చట చెల్లదు. ఆ సొమ్ము ఒక్క దినమైనను ప్లీడరుది కాదు.

ఇట్లని, పట్టికనుండి పేరు పోయిన ప్రతివాడును నమ్మదగనివాడని తలంపరాదు. రాజద్రోహ నేరమునకు కారాగార శిక్ష పొందిన గాంధీమహాత్ముని పేరును లండనులోని ఇన్నర్ టెంపుల్ 1922లో తొలగించెను. 1988లో మరల చేర్చెను. ఆయన ఎవరి సొమ్మును అపహరింపలేదు, ఎవరి నమ్మకమును వమ్ము చేయలేదు. కావున మనము విచారింపవలసినది పేరు పోయినదా అని కాదు, ఏ కారణమున పోయినదని.

ఉపాధ్యాయ మిత్రులకు ఒక్క మాట. విహారయాత్రకై పిల్లలు తెచ్చిన రూపాయలను తరగతి నాయకునిచేత వసూలు చేయించునప్పుడు, పైసతో సహా లెక్క వ్రాయించి అందరి యెదుట చదివించుడు. పరుల సొమ్ము చేతనున్నవాడు ఎట్లుండవలెనో అతడు అక్కడనే నేర్చుకొనును. రేపటి ప్లీడర్లు నేడు మన బడి బల్లలపైనే కూర్చుండియున్నారు.