దూరమునుండి తెరచుకొను తలుపు

విద్యార్థులారా,

బగ్దల్ నుండి బీదరునకు పోయి అక్కడి కోటను చూడనివారు మీలో అరుదుగా నుందురు. పదునైదవ శతాబ్దమున బహమనీ సుల్తాను అహమ్మద్ షా తన రాజధానిని గుల్బర్గానుండి బీదరునకు మార్చి, రాతిని తొలిపించి అగడ్తలు ఏర్పరచి, ఈ కోటను కట్టించెను. గుంబద్ దర్వాజా, షర్జా దర్వాజా మొదలగు ద్వారములను దాటునపుడు, ఇంతటి వాకిళ్లు గల కోటను ఎవరు లొంగదీయగలరని మనకు తోచును. కాని 1657లో ఔరంగజేబు ముట్టడించినపుడు ఇది తాళము విరిగి లొంగలేదు. బురుజు చెంతనున్న మందుగుండు ప్రేలి, కోటాధిపతియగు సిద్ది మర్జాన్ తీవ్రముగా గాయపడెను. మరణశయ్యనుండి ఆయన తన కుమారులచేత కోట తాళపుచెవులను ఔరంగజేబు కడకు పంపెనని చరిత్రకారులు వ్రాసిరి. చెవులు చేతులు మారినవి. వానితోడనే కోటయు చేతులు మారినది.

తాళమెంత గట్టిదైనను, దాని చెవి ఎవరి యొద్దనున్నదన్నదే అసలు ప్రశ్న. ఈ యొక్క మాటను మనసున నుంచుకొని, నేడు నగరములలో వ్యాపించుచున్న స్మార్ట్ తాళమును గూర్చి తెలిసికొందము. మీ అన్నలు, మేనమామలు పలువురు హైదరాబాదులోను, విదేశములలోను పనిచేయుచున్నారు. వారి యిండ్లలో నిట్టివి ఇప్పటికే ఉండవచ్చును. రేపు మన యూరికిని వచ్చును.

ముందుగా ఒక మాట ముచ్చట. తాళమును తీయు సాధనమును మనము ‘చెవి’ అనుచున్నాము. మన ప్రక్కింటి కన్నడిగులు దానినే ‘బీగద కై’ అందురు; అనగా బీగపు చేయి. ఈ మాటల పుట్టుక ఎట్టిదైనను, క్రొత్త తాళమునకు ఈ రెండును చక్కగా అతికినవి. దానికి చెవి యున్నది. దూరపు మాటను వినును. చేయి యున్నది, విన్నంతనే గడియ తీయును.

తలుపును తాకకయే గడియ తీయవలెనను కోరిక నేటిది కాదు. తిరుమలలో ప్రతి ప్రాతఃకాలమున సుప్రభాత వేళ సన్నిధి గొల్ల ముందు నడువగా అర్చకులు కుంచెకోలను, తాళపుచెవులను తీసికొని బంగారు వాకిలి కడకు వత్తురు. కుంచెకోల యనునది వంపు గల పొడవైన కడ్డీ. లోపలి గడియను వెలుపలినుండి తీయుటకు సాధనము. చేయి చొరని చోటికి కోల చొచ్చును. ఈ కాలపు తాళమున ఆ కోలకు బదులు రేడియో తరంగము పనిచేయుచున్నది. తరంగము గోడల నడ్డమని ఎంచదని 1895 ప్రాంతమున కలకత్తాలో జగదీశచంద్ర బోసు బహిరంగముగా చూపెను. ఆయన పంపిన తరంగములు గోడలను దాటి పోయి, అవతల గంటను మ్రోగించి, మందుగుండును ప్రేల్చెను.

ఇక తాళము సంగతి. మనము నిత్యము వాడు పల్చని చెవి గల తాళమును 1860 దశకమున అమెరికాలో లైనస్ యేల్ అను నతడు రూపొందించెను. అందులో చిన్న చిన్న మేకులు స్ప్రింగుల బలముచే దిగి యుండును. చెవి పండ్లు ఆ మేకుల నన్నింటిని సరియైన ఎత్తునకు లేపినప్పుడే లోపలి స్తంభము తిరుగును. మన దేశమున 1897లో బొంబాయిలో ఆర్దేషిర్ గోద్రెజ్ తాళముల తయారీ ప్రారంభించెను. స్మార్ట్ తాళము ఈ పాత గడియను తీసివేయలేదు. దాని వెనుక ఒక చిన్న మోటారును, నాలుగు సెల్లులను, లెక్క చూడగల ఒక ఎలక్ట్రానిక్ ముక్కను చేర్చినది, అంతియే. అనేక తాళములపై అంకెల పలక యుండును. కొన్నింటికి వ్రేలిముద్ర చూచు అద్దమును ఉండును.

దూరమునుండి దీనిని తెరచుటకు హబ్ అను మరియొక పెట్టె కావలెను. సెల్లులతో నడుచు తాళము నిరంతరము వై-ఫైలో మాటలాడుచుండినచో సెల్లులు త్వరగా నీరసించును. కనుక తాళము జిగ్‌బీ, జీ-వేవ్, థ్రెడ్ మొదలగు కొద్ది శక్తితో నడుచు రేడియో పద్ధతులను వాడును. జిగ్‌బీ సాధారణముగా 2.4 గిగాహెర్ట్జ్ తరంగములపైనను, జీ-వేవ్ మన దేశమున 865 మెగాహెర్ట్జ్ ప్రాంతముననను నడుచును. హబ్ ఇంటి విద్యుత్తుతో నడుచుచు, ఒక ప్రక్క ఇంటర్నెట్టు భాషను, మరియొక ప్రక్క ఈ చిన్న రేడియో భాషను ఎరిగిన ద్విభాషి. మన బీదరు జిల్లాలో ద్విభాషి విలువ మీకు వేరుగా చెప్పనక్కరలేదు.

హైదరాబాదులో కార్యాలయమున కూర్చున్న కుమారుడు ఫోనులో ‘తెరువుము’ అను గుర్తును నొక్కినాడనుకొందము. ఆ ఆజ్ఞ తిన్నగా తలుపునకు పోదు. మొదట తాళపు సంస్థవారి సర్వరునకు పోవును. ఈ ఫోను ఎవరిది, ఈ తలుపును తెరచు హక్కు వీనికి గలదా యని సర్వరు విచారించును. హక్కున్నచో ఆజ్ఞను ఇంటి హబ్‌నకు పంపును. వెలుపలినుండి ఎవరు పడితే వారు ఇంటి వలలోనికి చొరరాదు గనుక, హబ్ తానే ముందుగా సర్వరుతో సంబంధము నేర్పరచుకొని దానిని తెగకుండ కాపాడుకొనుచుండును. ఆ దారినే ఆజ్ఞ వచ్చును. హబ్ దానిని రహస్య లిపిలోనికి మార్చి తాళమునకు పంపును. సెల్లులు మిగుల్చుకొనుటకు తాళము నిద్రించుచు, సెకనునకొక పర్యాయము వంటి స్వల్ప వ్యవధిలో మేల్కొని, ‘నాకేమైన పిలుపు వచ్చినదా’ యని ఆలకించును. వచ్చినచో సరిచూచుకొని మోటారును త్రిప్పును. పిమ్మట ‘గడియ తీసితిని’ యని అదే దారిన బదులు చెప్పును. ఇదంతయు కొద్ది సెకనులలో జరిగిపోవును.

ఇచ్చట ఒక సందేహము కలుగవచ్చును. దొంగ యొకడు వీధిలో నిలిచి ఆ రేడియో మాటను పట్టుకొని, రేపు అదే మాటను మరల పలికినచో తలుపు తెరచుకొనదా? తెరచుకొనదు. ప్రతి ఆజ్ఞకును ఒక క్రొత్త సంఖ్య జతచేయబడును. ఒకసారి వాడిన సంఖ్య మరల వచ్చినచో తాళము దానిని త్రోసిపుచ్చును. ఇక రహస్య సంఖ్యను ఊహించుట యందురా? సాధారణముగా వాడు 128 బిట్ల చెవికి గల భిన్నరూపములను లెక్కించినచో 39 అంకెల సంఖ్య వచ్చును. ఒక్కొక్కటిగా ప్రయత్నించుట మానవమాత్రులకు గాని, నేటి యంత్రములకు గాని సాధ్యము కాదు. తాళపు నిర్మాణము అందరికి తెలిసినను చెవి యొక్కటి రహస్యముగా నున్నచో చాలునని 1883లోనే కెర్క్‌హాఫ్స్ అను పండితుడు రహస్య లిపులను గూర్చి సూత్రీకరించెను.

అయినచో భయమేమియు లేదా? కలదు. భయము లిపిలో లేదు. మన యలవాటులలోను, తయారీదారుల తొందరలోను ఉన్నది. 1851లో లండను మహాప్రదర్శనమున హాబ్స్ అను అమెరికా తాళపు పనివాడు, ఎవరును తీయలేరని ప్రసిద్ధికెక్కిన ఇంగ్లాండు తాళములను తీసి చూపెను. అట్లే 2016లో మిచిగన్ విశ్వవిద్యాలయ పరిశోధకులు శాంసంగ్ వారి స్మార్ట్‌థింగ్స్ వ్యవస్థను పరీక్షించిరి. సెల్లుల బలమును కనిపెట్టుట నెపముగా లోపలికి వచ్చిన ఒక చిన్న అప్లికేషను తలుపు రహస్యాంకెలను కూడ వినగలదని వారు నిరూపించిరి. తమకు కావలసిన దానికంటె ఎక్కువ అధికారము అప్లికేషనులకు దొరకుటయే దానికి కారణము. 2017లో అమెరికాలో ఒక సంస్థ దూరమునుండి పంపిన సవరణలో పొరపాటు దొరలి సుమారు 500 తాళములు పనిచేయక నిలిచిపోయెను. ఇందులో దొంగ ఎవడును లేడు. తాళము చేసినవారి పొరపాటే ఇంటివారిని వీధిలో నిలిపినది. తయారీదారులు పలువురు కూడి 2022 అక్టోబరులో మ్యాటర్ అను ఉమ్మడి ప్రమాణమును వెలువరించిరి. ఒక సంస్థ తాళము వేరొక సంస్థ హబ్‌తోను పనిచేయవలెననుట దాని ఉద్దేశము. అది మంచి అడుగే గాని, ఏ ప్రమాణమును మన జాగ్రత్తకు బదులు కాజాలదు.

నా యింట జరిగిన సంగతి యొకటి చెప్పెదను. నా తమ్ముడు హైదరాబాదులో నివసించుచున్నాడు. మా తల్లి అతని యొద్దనే యుండును. రెండేండ్ల క్రిందట అతడు వాకిలికి ఇట్టి తాళమును బిగించెను. ఒకనాడు మా తల్లి డాబాపై వడియములు ఎండబెట్టుటకు పోగా తలుపు తనంతట తాను తాళము వేసికొన్నది. ఫోను లోపలనే యుండిపోయినది. ఆమె ప్రక్కింటివారి ఫోనులో కుమారునకు చెప్పినది. అతడు కార్యాలయమునుండియే తలుపు తెరచెను. ఆ సాయంకాలమంతయు అది మా యింట గొప్ప వేడుక.

కొన్ని నెలలకు వానకాలమున అట్లే జరిగినది. కాని ఆనాడు కరెంటు లేదు. హబ్ మూగవోయినది, ఇంటర్నెట్టు పెట్టెయు ఆగిపోయినది. కుమారుడు ఎన్నిసార్లు నొక్కినను ఆజ్ఞ తలుపు చేరలేదు. తాళమునకు సొంత సెల్లులున్నవి. అంకెల పలక పనిచేయుచునే యున్నది. కాని అంకెలను మా తల్లికి ఎవరును నేర్పలేదు. ‘నేనున్నాను గదా’ యని తమ్ముడనుకొనెను. ఇనుప చెవి యేమైనదందురా? భద్రముగా ఇంటి లోపల బీరువాలో నున్నది! డెబ్బది యేండ్లు దాటిన ఆమె రెండు గంటలు ప్రక్కింటి మెట్లపై కూర్చున్నది.

సెలవులలో నేను పోయినపుడు ఆమె వానను గూర్చి ఫిర్యాదు చేయలేదు. మెల్లగా ఇట్లన్నది: “అది పోనీ నాయనా. నేను గుడికి పోయిన సంగతి, వచ్చిన సంగతి గంటతో సహా వాని ఫోనులో పడుతుందట. ఇది నాకు కాపలానా, నా మీద కాపలానా?” తలుపు తెరచిన ప్రతి వేళను తాళము వ్రాసి యుంచుననునది నిజమే. అది తమ్మునకు ధైర్యము, ఆమెకు చిన్నతనము. ఇద్దరి మాటయు సత్యమే గనుక నేను వెంటనే ఏమియు చెప్పజాలకపోతిని.

మరునాడు ముగ్గురము కూర్చుండి మాటలాడుకొంటిమి. ఇనుప చెవి యొకటి నమ్మకమైన పొరుగింట చేరినది. హబ్‌నకు ఇన్వర్టరునుండి తీగ వేయబడినది. రాకపోకల వార్త ప్రతిసారి ఫోనునకు రాకుండ ఆపబడినది. మా తల్లి తనకిష్టమైన ఆరు అంకెలు తానే ఎన్నుకొన్నది. అవి యేవో నాకు తెలియవు, తెలియనక్కరయు లేదు.

ఈ యనుభవమునుండి కొన్ని మాటలు మీకు చెప్పదగినవి. అంకెలు నాలుగైనచో గల రూపములు 10,000. ఆరైనచో 10 లక్షలు. కనుక పుట్టిన సంవత్సరమును గాక, ఆరంకెల సంఖ్యను ఎన్నుకొనవలెను. ఖాతా సంకేతపదము తాళపుచెవియేనని ఎరిగి, దానిని ఎవరికిని చెప్పరాదు; ఫోనునకు వచ్చు ఓటీపీయు అట్టిదే. బాడుగవారు గాని పనివారు గాని విడిచిపోయినచో వారికిచ్చిన అంకెలను ఆనాడే తీసివేయవలెను. సెల్లులు క్షీణించుచున్నవని హెచ్చరిక వచ్చినచో రేపటికి వాయిదా వేయరాదు. అనేక తాళములలో సెల్లులు పూర్తిగా అయిపోయినను వెలుపలి మొనలకు 9 వోల్టుల సెల్లు తాకించి తెరచు వీలున్నది. మీ తాళమునకు అది యున్నదో లేదో ముందే తెలిసికొనవలెను. ‘గడియ పడినది’ అని ఫోను చెప్పినంత మాత్రాన తలుపు మూయబడినదని నమ్మరాదు. తలుపు ఓరగా నున్నను గడియ గాలిలోనికి రావచ్చును. తలుపు స్థితిని చూచునది వేరొక సాధనము. అన్నింటికంటె ముఖ్యము, నిప్పంటుకొన్నను దీపమారినను లోపలివారు ఏ అంకెయు లేక చేతితో త్రిప్పి బయటపడు మరయుండవలెను.

విద్యార్థులారా, మన బగ్దల్‌లో వాకిలికి తాళము వేసి, చెవి పొరుగింట ఇచ్చి పొలమునకు పోవువారు నేటికిని కలరు. ఆ పొరుగిల్లే మన పాత హబ్. దానికి కరెంటు అక్కరలేదు, నమ్మకము కావలెను. క్రొత్త సాధనమును కాదనవలదు. దాని పనితీరును చక్కగా నేర్చుకొనుడు. కాని మీరు పెద్దవారై మీ తల్లిదండ్రుల వాకిలికి ఇట్టి తాళమును బిగించు నాడు, సిద్ది మర్జాన్ పంపిన చెవులను ఒక్కసారి తలచుకొనుడు. చెవి ఎవరి చేతనుండునో ఇల్లు వారి చేతనుండును. కావున మొదటి చెవిని ఆ యింట నివసించువారి చేతికే యిచ్చి, రెండవదానిని మాత్రమే మీ ఫోనులో నుంచుకొనుడు.